ఇంట్లో బేస్ గిటార్ సాధన: కింది ఫ్లాటు వాళ్లు తలుపు తట్టని ఆంప్ ఏది?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నగారు మార్కుల సంగతి ఎత్తకముందే ఫోన్ తీసి నా ముందు పెట్టారు. వాళ్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ అది. ‘నాలుగో అంతస్తులో రోజూ సాయంత్రం ఎవరో రోకలితో దంచుతున్నట్టు శబ్దం వస్తోంది. దయచేసి గమనించగలరు.’ అక్కడ దంచుతున్నది రోకలి కాదు, వాళ్లమ్మాయి బేస్ గిటార్.

ఎవరో బ్యాండు వాళ్లు అమ్మేస్తుంటే చవకగా వస్తోందని ఆయన నూరు వాట్ల బేస్ ఆంప్ కొన్నారు. ‘వాల్యూమ్ ఒకటి దాటనివ్వలేదు మాస్టారూ’ అన్నారు. అది అబద్ధం కాదని నాకు తెలుసు. అయినా శబ్దం కిందికి దిగింది. ఆ మెసేజ్ వచ్చిన రోజు నుంచి ఆంప్ బాల్కనీలో దుప్పటి కింద ఉంది. అమ్మాయి గిటార్‌ని దేనికీ తగిలించకుండా ఉత్తగా వాయించుకుంటోంది.

అప్పుడు నాకొక సంగతి అర్థమైంది. కొన్ని వారాలుగా ఆ అమ్మాయి వాయింపు మొరటుగా మారిందని క్లాసులో గమనిస్తూనే ఉన్నాను. తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటున్నాయి. ఒక స్వరం ఆగకముందే ఇంకోటి వచ్చి మీద పడుతోంది. సాధన మానేసిందేమో అనుకున్నాను. మానలేదు. ఇంట్లో రోజూ అరగంట వాయిస్తోంది, కాకపోతే తను వాయించేది తనకే వినపడకుండా వాయిస్తోంది. ఆంప్ లేని ఎలక్ట్రిక్ బేస్ దాదాపు మూగది. వినపడాలని పిల్లలు తీగను బలంగా లాగుతారు. ఆపకుండా వదిలేసిన తీగలు పక్కన సన్నగా మోగుతుంటే ఆ మోత చెవికి అందదు కాబట్టి వేలితో అదుపు చేయడం నేర్చుకోరు. బేస్ వాద్యంలో సగం విద్య ఆ అదుపే. కష్టపడి చేసిన సాధన చేతికి తప్పుడు అలవాటు నేర్పితే దాన్ని వదిలించడానికి నాకూ పిల్లకూ కలిసి నెలలు పడుతుంది.

గిటార్ క్లాసుల్లో చేరిన పిల్లల్లో బేస్ ఎంచుకున్నవాళ్లు కొద్దిమందే. కానీ ఆ ఇళ్లన్నింటి నుంచీ నాకు ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి ఈసారి ఈ పేజీ దానికే కేటాయించాను.

గోడలు దాటేది ఏమిటి?

బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, అంటే 41 హెర్ట్జ్. మామూలు గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే బేస్ సరిగ్గా ఒక స్థాయి కింద ఉంటుంది. ఆ 41 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు గాలిలో ఎనిమిది మీటర్ల పైమాటే. మీ హాలు కంటే పొడవు. అంత పొడవాటి అలను కిటికీ పరదా, గోడకు అంటించిన నురగ పలకలు, తలుపు కింద దోపిన టవలు ఏవీ ఆపలేవు. అవి చప్పట్లనూ మాటలనూ తగ్గిస్తాయి, అంతే. ఆన్‌లైన్‌లో ‘సౌండ్‌ప్రూఫ్’ అని అమ్మే ఆ పలకల మీద బేస్ కోసం డబ్బు పెట్టకండి.

పైగా ఆంప్ నేల మీద ఉంటే పెట్టె అదిరి, ఆ అదురు తిన్నగా స్లాబులోకి దిగుతుంది. కింది ఇంటికి మీ నేలే కప్పు. కప్పు అదిరితే రోకలి దంపినట్టే ఉంటుంది మరి. వాళ్లు పెట్టిన ఆ మెసేజ్‌లో అతిశయోక్తి ఏమీ లేదు.

చెవి సంగతి కూడా తెలుసుకోవాలి. ధ్వని చిన్నదయ్యే కొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు మిగతావాటి కంటే త్వరగా మాయమవుతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి వక్రరేఖలుగా గీశారు. ఇంట్లో దీనివల్ల జరిగేది ఇది: వాల్యూమ్ తగ్గించగానే పిల్లలకు బేస్ పలచగా వినిపిస్తుంది, దాంతో ‘బేస్’ అని రాసి ఉన్న బిరడాను చివరిదాకా తిప్పేస్తారు. ఆ గదిలో ఉన్నవాళ్లకు అది పెద్దగా తెలియదు. గోడ అవతల మాత్రం ఇంకేమీ వినపడదు, ఆ అదురు తప్ప.

ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టి ‘చూడండి, యాభై కూడా దాటలేదు’ అని చూపించిన తల్లిదండ్రులున్నారు. ఆ యాప్‌లు సాధారణంగా మన చెవి తీరును అనుకరించే ‘ఏ’ కొలతలో లెక్క చెబుతాయి. ఆ కొలత 40 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టినదీ ఆ కొలతలోనే. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. కాబట్టి అంకె లోపలే ఉన్నా పొరుగువారికి ఇబ్బంది నిజంగానే ఉండవచ్చు. యాప్ కంటే మంచి పరీక్ష ఒకటుంది. పిల్లను వాయించమని చెప్పి, కింది ఫ్లాటుకు వెళ్లి వాళ్ల పడగ్గదిలో రెండు నిమిషాలు నిలబడి వినండి. ఆ రెండు నిమిషాలు వాదన కంటే బాగా పనిచేస్తాయి, మీకూ వాళ్లకూ.

వాట్లు చూసి మోసపోకండి

దుకాణంలో మొదట చెప్పే అంకె వాట్లు. నూరు వాట్ల ఆంప్ ఇరవై వాట్లదానికంటే అయిదు రెట్లు గట్టిగా మోగుతుందని అనుకుంటాం. అలా ఉండదు. వాట్లు రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. మామూలు స్పీకర్‌కు ఒక్క వాట్ ఇచ్చినా మీటరు దూరంలో 90 డెసిబెల్స్ దరిదాపుల్లో మోగగలదు. అంటే పడగ్గదిలో మీ పిల్లలు వాడేది ఒక వాట్‌లో చిన్న ముక్క. మిగతా తొంభై తొమ్మిదీ ఊరికే ఉంటాయి.

అలాగని మూడు వాట్ల బొమ్మ ఆంప్ చాలా అంటే, పూర్తిగా చాలదు. బేస్ తీగను మీటిన మొదటి క్షణంలో ధ్వని ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ దెబ్బను తట్టుకునే ఓపిక ఆంప్‌కి లేకపోతే స్వరం చిట్లుతుంది, పిల్లలకు తాము మెల్లగా మీటామో గట్టిగా మీటామో తెలియకుండా పోతుంది. ఇంటికి 15 నుంచి 30 వాట్లు, 8 అంగుళాల స్పీకర్ సరిపోతాయి. నా అనుభవంలో ఇంతకు మించి కొన్నవాళ్లు తర్వాత అమ్ముకోవడానికే చూశారు.

అంత చిన్న స్పీకర్‌లో బేస్ పలుకుతుందా అని అడుగుతారు. 41 హెర్ట్జ్‌ను అది పెద్దగా పలికించలేదు, నిజమే. కానీ ఏ తీగ స్వరంలోనైనా అసలు కంపనంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు పైన ఉండే అనుస్వరాలు ఉంటాయి. ఇక్కడ 82, 123 ఇలా. అవి వినిపిస్తే చాలు, అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌లో ఘంటసాల గారి గొంతు విని పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ చిన్న స్పీకర్ ఆయన గొంతులోని మంద్రాన్ని సగం కూడా మోయలేదు, అయినా ఆ గాంభీర్యం మనకు అందింది. ఇంటి సాధనకు ఇది వరం. స్లాబును అదిరించే భాగం తక్కువగా బయటికొస్తుంది, స్వరం మాత్రం పిల్లకు స్పష్టంగా తెలుస్తుంది.

మామూలు గిటార్ ఆంప్ ఇంట్లో ఉంటే అదే వాడమంటారా అన్నది ఇంకో ప్రశ్న. అక్క గిటార్, తమ్ముడు బేస్ నేర్చుకునే ఇళ్లలో ఇది వస్తుంది. బాగా తక్కువ వాల్యూమ్‌లో అయితే వెంటనే ఏమీ కాదు, ధ్వని డొల్లగా ఉంటుందంతే. గిటార్ స్పీకర్ కోన్ బేస్ కోరినంత ముందుకూ వెనక్కూ కదలడానికి తయారైనది కాదు. కాలేజీ రోజుల్లో ఒక దుకాణంలో ‘దేనికైనా ఒకటే సార్’ అంటే నమ్మి గిటార్ ఆంప్ కొన్నాను. వార్షికోత్సవం రిహార్సల్‌లో వాల్యూమ్ పెంచిన మూడో రోజుకి స్పీకర్ పగిలిన డప్పులా మోగింది. కొత్త స్పీకర్‌కి పెట్టిన డబ్బుతో అప్పట్లో పాత బేస్ ఆంప్ వచ్చి ఉండేది.

దుకాణంలో ఏం చూడాలి

దుకాణంలో అమ్మే అబ్బాయి వాల్యూమ్ పెంచి వాయించి చూపిస్తాడు. గట్టిగా మోగితే ఏ ఆంప్ అయినా బాగానే ఉంటుంది. మీకు కావలసింది చిన్న ధ్వనిలో అది ఎలా ఉంటుందన్నది. కాబట్టి వాల్యూమ్‌ను సున్నాకు తెచ్చి మీ పిల్లనే మెల్లగా తిప్పమనండి. కొన్ని ఆంప్‌లలో సున్నాకూ ఒకటికీ మధ్య వెంట్రుకవాసి తిప్పగానే నిశ్శబ్దం నుంచి ఒక్కసారి ఇల్లు అదిరే మోతకు దూకుతుంది. వాళ్ల నాన్నగారు ‘ఒకటి దాటనివ్వలేదు’ అన్నారే, ఆ నూరు వాట్ల పెట్టెలో జరిగింది సరిగ్గా అదే. బిరడా తిప్పినకొద్దీ నూనె ఒంపినట్టు ధ్వని నెమ్మదిగా పెరగాలి. ఇంటి సాధన ఆంప్‌లో నేను మొదట చూసేది ఈ ఒక్క గుణం.

తర్వాత వాయించడం ఆపి, ఆంప్ ఆన్‌లోనే ఉంచి వినండి. ‘స్స్’ మని బుస ఉంటే హెడ్‌ఫోన్లలో అది ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ విడివిడిగా ఉండాలి. ముఖ్యంగా మిడ్. చిన్న వాల్యూమ్‌లో స్వరాన్ని చెవికి అందించేది అదే. ఇంటికి వచ్చాక బేస్ బిరడాను మధ్య గీత కంటే కాస్త తగ్గించి, మిడ్‌ను కాస్త పెంచమని చెప్పండి. మొదట పిల్లలు ఒప్పుకోరు, ‘దమ్ము తగ్గింది సార్’ అంటారు. వారం ఆగితే చెవి అలవాటు పడుతుంది, తప్పులూ వినపడటం మొదలవుతుంది.

హెడ్‌ఫోన్ సాకెట్ తప్పనిసరి. అందులో జాక్ పెట్టగానే స్పీకర్ పూర్తిగా ఆగిపోవాలి, దుకాణంలోనే పెట్టి చూడండి. హెడ్‌ఫోన్లు వైరువే కావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ధ్వని క్షణంలో కొంత భాగం ఆలస్యంగా చేరుతుంది. సినిమా చూడటానికి అది తెలియదు గానీ, వేలు ఇప్పుడు మీటితే స్వరం తర్వాత వినిపిస్తే తాళం కుదరదు. తాళం కోసమే బేస్ ఉన్నది. పాటను ఫోన్ నుంచి బ్లూటూత్‌లో ఆంప్‌కి పంపడం వేరు. పాట మొత్తం ఒకేలా ఆలస్యమవుతుంది కాబట్టి దానితో కలిసి వాయించడానికి ఇబ్బంది లేదు. ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్ పరీక్షలకు పిల్లలు బ్యాకింగ్ ట్రాక్‌తో వాయించాలి. అందుకని ఆ ట్రాక్ ఆంప్‌లోకి వెళ్లే ఏదో ఒక దారి ఉండాలి, ఆక్స్ సాకెట్ అయినా చాలు.

హెడ్‌ఫోన్లతో పొరుగు సమస్య తీరిపోతుంది కదా, ఇక స్పీకర్ ఎందుకు అంటారా? రెండు కారణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సూచించే పరిమితి వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్ మించకుండా. క్లాసులు, వీడియోలు, పాటలు అన్నీ చెవిలోనే సాగుతున్న రోజుల్లో దానికి బేస్ సాధన కూడా కలుస్తుంది. పైగా బేస్ పలచగా ఉందనిపించి వాల్యూమ్ పెంచేస్తారు. రెండోది, హెడ్‌ఫోన్లలో వాయించే పిల్ల ఏం వాయిస్తోందో మీకు తెలియదు. మీకు సంగీతం తెలియకపోయినా ఫరవాలేదు, హాల్లోంచి ‘నిన్నటికంటే ఇవాళ బాగుందే’ అన్న అమ్మ మాట నా క్లాసు కంటే ఎక్కువ పనిచేయడం చూశాను. పగలు స్పీకర్, రాత్రి తొమ్మిది తర్వాతా, అన్నయ్య ఇంటర్ చదువుకునే వేళా హెడ్‌ఫోన్లు. ఇంటికి అలా పంచుకుంటే సరిపోతుంది.

పేర్లు చెప్పమంటే

ఏ కంపెనీతోనూ, దుకాణంతోనూ నాకు గానీ స్కూలుకు గానీ లావాదేవీ లేదు. ధరలు మారుతుంటాయి కాబట్టి రాయడం లేదు.

ఫెండర్ రంబుల్ 25: 25 వాట్లు, 8 అంగుళాల స్పీకర్, హెడ్‌ఫోన్, ఆక్స్ సాకెట్లు. బరువు పది కిలోల లోపే కాబట్టి పిల్లలే గది మార్చుకోగలరు. దీని మీద కాంటూర్ అనే బటన్ ఉంటుంది. అది మిడ్‌ను తగ్గించి అడుగును పెంచుతుంది, ఇంట్లో నొక్కకండి. దీని తమ్ముడు రంబుల్ 15 కూడా చిన్న గదికి చాలు. ఆరెంజ్ క్రష్ బేస్ 25లో శ్రుతి చూసుకునే ట్యూనర్ ఆంప్‌లోనే ఉంది. శ్రుతి చేసుకోకుండా సాధన మొదలుపెట్టే పిల్లలకు (మీ ఇంట్లోనూ ఒకరుంటారు) ఇదొక్కటే పెద్ద లాభం. ఆంపెగ్ రాకెట్ బేస్ 108 కాస్త గట్టిది, 30 వాట్లు. స్థలం అసలు లేని ఇంటికి, హాస్టల్‌కు బ్లాక్‌స్టార్ ఫ్లై 3 బేస్ ఉంది. మూడు వాట్లదే, టేబుల్ మీద పడుతుంది. మంద్రాన్ని దాని నుంచి ఆశించకండి, హెడ్‌ఫోన్లతో బాగుంటుంది. బడ్జెట్ మరీ తక్కువైతే గిటార్‌కే గుచ్చుకునే వాక్స్ ఆంప్‌ప్లగ్ బేస్ లాంటిది, దానికి ఒక మంచి వైరు హెడ్‌ఫోన్. ఉత్తగా వాయించడం కంటే అది నూరు రెట్లు నయం. ఇప్పుడే మొదలుపెట్టిన పిల్లకు, ఆసక్తి నిలుస్తుందో లేదో తెలియనప్పుడు నేను మొదట ఇదే చెబుతాను. ఆరు నెలల తర్వాత ఆంప్ కొనవచ్చు.

అమెరికా నుంచి వచ్చే మేనమామ గారి చేత తెప్పించుకునేవాళ్లు ఒక్క మాట వినండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి ఆంప్‌ను ప్లగ్ మార్చి మన గోడకు పెడితే ఆ క్షణమే కాలిపోవచ్చు. వెనక పలక మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో ఫోటో తీసి పంపమనండి, సూట్‌కేసులో పెట్టకముందే. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసి వాడటం మాత్రం ఎవరింట్లోనూ వద్దు. గుంయ్ మనే హమ్ పోతుందని కొందరు చెబుతారు. పిల్ల చేతిలో ఉన్న లోహపు తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి.

సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. బిరడాలు తిప్పేటప్పుడు కరకరమంటే దుమ్ము, అది శుభ్రం చేస్తే పోతుంది. లావు తీగను మీటినప్పుడు స్పీకర్ చిటపటలాడితే మాత్రం ఎంత తగ్గించినా తీసుకోకండి.

ఎక్కడ పెట్టాలి

నేల మీద వద్దు. గట్టి కుర్చీ మీదో స్టూలు మీదో, కింద మందపాటి నురగ ముక్కో పాత యోగా మ్యాట్ మడతో వేసి పెట్టండి. స్లాబులోకి అదురు దిగడం దీంతోనే చాలావరకు తగ్గుతుంది. గది మూలలో పెడితే రెండు గోడలూ కలిసి మంద్రాన్ని పెంచేస్తాయి, కాబట్టి మూలకు దూరంగా, స్పీకర్ పిల్ల చెవి వైపు తిరిగి ఉండేలా. చెవికి దగ్గరైతే అసలు వాల్యూమ్ అక్కర్లేదు. సాధన వేళ కింది ఇంటివాళ్లకు ముందే చెప్పడం ఏ స్టాండు కంటే మంచిది. ‘రోజూ ఆరు నుంచి ఆరున్నర’ అని తెలిస్తే చాలామంది సర్దుకుంటారు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో తెలియని శబ్దమే మనిషిని విసిగిస్తుంది.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల ఇంట్లో ఇప్పుడు పాతిక వాట్ల ఆంప్ ఒక ప్లాస్టిక్ స్టూలు మీద ఉంది. నూరు వాట్లది అమ్మకానికి పెట్టారు, ఇంకా పోలేదు. కొన్న మొదటి వారం ‘సార్, నా వాయింపు ఇంత చెత్తగా ఉందా’ అని అడిగింది. ఉంది అన్నాను. ఇప్పుడు కుడిచేయి తేలికపడింది, లావు తీగ మీద గరగర ఇంకా పూర్తిగా పోలేదు.

మీ పిల్లల బేస్‌ను రెండు మూడు రకాల ఆంప్‌లకు తగిలించి, చిన్న ధ్వనిలో వాయించి చూడాలనుకుంటే రెండో శనివారం ఉదయం మా సంగీతం గదికి రండి. గిటార్, కేబుల్ మీవే తెచ్చుకోండి. ఇంట్లో వాడే హెడ్‌ఫోన్లు కూడా తెస్తే వాటి జాక్ ఆంప్‌కి సరిపోతుందో లేదో అక్కడే చూసుకోవచ్చు. కొన్ని ఆంప్‌లకు లావు జాక్ ఉంటుంది, దానికి చిన్న అడాప్టర్ విడిగా కొనాలి.